కారణాన్వేషణ

ఎండని చేప కథను చిన్ననాట వినని తెలుగువారు అరుదు. రాజకుమారులు తెచ్చి ఎండబెట్టిన ఏడు చేపలలో ఒకటి ఎండలేదు. ఎందుకని అడిగితే అది గడ్డిమోపును చూపింది. గడ్డిమోపు ఆవును, ఆవు కాపరిని, కాపరి తనకు అన్నం పెట్టని అవ్వను, అవ్వ ఏడ్చిన పిల్లవాడిని, పిల్లవాడు కుట్టిన చీమను చూపారు. తన పుట్టలో వేలు పెడితే కుట్టకుండా ఉంటానా అని చీమ ఎదురు ప్రశ్న వేయడంతో కథ ముగుస్తుంది. పిల్లల కథే అయినా ఇందులో కార్యకారణ సంబంధాన్ని గురించిన సూక్ష్మమైన పరిశీలన ఉంది. ఆ వరుసలో అబద్ధమాడినవారు ఒక్కరూ లేరు. ప్రతివారికీ ఒక కారణం ఉంది, ఆ కారణం మరొకరి దగ్గర ఉంది. ఇంతమందిని విచారించిన తరువాత కూడా చేప ఎండలేదు. గడ్డిమోపును రెండు బారలు అవతలికి జరిపితే సరిపోతుందన్న ఆలోచన రాజకుమారులకు కలగలేదు.

ఈ కథ నేటికీ వ్యవసాయ బావుల దగ్గర జరుగుతూనే ఉంది. కోరుట్ల నుంచి వేములవాడకు పోయే దారిలో ఉన్న రుద్రంగి అటువంటి ఊళ్ళలో ఒకటి. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా చందుర్తి మండలంలో ఉన్న ఈ ఊరు, 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు తానే మండల కేంద్రమైంది. మెట్టప్రాంతం కావడం వలన ఇక్కడి సేద్యానికి ప్రధానాధారం బావి, బోరు, వాటిలోని కరెంటు మోటారు. యాసంగిలో వరి పొట్టకు వచ్చే వేళ మోటారు కాలిందంటే ఆ ఇంట అన్నం సహించదు. మోటారును బోరులోంచి పైకి తీయాలి, పట్నానికి మోయాలి, వైండింగ్ చుట్టించాలి, మళ్ళీ దింపాలి. ఈలోగా మడి నెర్రెలు బారుతుంది.

అప్పుడు వినిపించే మాటలు ఇంచుమించు ఎక్కడైనా ఒకటే. “నెల కింద్నే చుట్టిస్తి గద తమ్మీ, మళ్ల కాలె” అంటాడు రైతు. “నేను మంచి రాగితీగనే చుట్టిన కాకా, కరెంటే మంచిగ వస్తలేదు” అంటాడు మెకానిక్కు. “కరెంటుకేమైంది? మీ ట్రాన్స్‌ఫార్మరు మీదనే లోడెక్కువైంది” అంటాడు లైన్‌మన్. “లోడు మాది గాదు, మీది బాయోళ్ళు పెద్ద మోటర్లు పెట్టిండ్రు” అంటారు ఆ ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులు. మీది బావివారిని అడిగితే వోల్టేజి లేక చిన్న మోటారు నీళ్ళు పొయ్యలేదని, అందుకే పెద్దది పెట్టామని చెబుతారు. ఇక్కడ కూడా ఎవరూ అబద్ధమాడలేదు. అయితే చేప కథకూ దీనికీ ఒక భేదముంది. ఆ కథలో కారణాల వరుస చీమ దగ్గర ఆగిపోయింది. ఇక్కడ వరుస గుండ్రంగా తిరిగి, మొదట ప్రశ్న వేసిన రైతు ముంగిటికే వచ్చి నిలుస్తుంది.

కారణమంటే ఏమిటన్న విచారణ మన పూర్వులకు కొత్తది కాదు. పదిహేడవ శతాబ్దానికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు విద్యార్థుల కోసం రచించిన ‘తర్కసంగ్రహం’ కారణాన్ని మూడు విధాలుగా విభజించింది. అందులోని ఉదాహరణ సిరిసిల్ల ప్రాంతం వారికి వేరే వివరించనక్కరలేనిది. అది నేతగుడ్డ. గుడ్డకు నూలుపోగులు సమవాయి కారణం. పోగుల కలయిక అసమవాయి కారణం. మగ్గం, నాడె మొదలైనవి నిమిత్త కారణం. ఈ మూడింటిలో ఏది లోపించినా గుడ్డ లేదు. కార్యానికి ముందు తప్పక ఉండేదే కారణమని తార్కికుల నిర్ణయం. అయితే ముందున్న ప్రతిదీ కారణం కాజాలదు. కుమ్మరి ఇంటికి మట్టిని మోసుకువచ్చిన గాడిద కుండకు ముందే ఉన్నది, కాని అది కుండకు కారణం కాదు. అటువంటి దానికి వారు ‘అన్యథాసిద్ధం’ అని పేరు పెట్టారు. ఆ మట్టి బండి మీద వచ్చినా కుండ తయారయ్యేది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగినంత మాత్రాన కాకి వల్లనే పండు రాలిందనుకోవడం కాకతాళీయం. కారణాన్ని పరీక్షించడానికి వారు చెప్పిన ఉపాయం అన్వయ వ్యతిరేకాలు. అది ఉన్నప్పుడు కార్యం ఉండాలి, లేనప్పుడు ఉండకూడదు.

ఈ ఉపాయమే ఆధునిక వైద్యశాస్త్రంలో ఎంత పని చేసిందో తెలియడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మలేరియా అనే మాటకు ఇటాలియన్ భాషలో చెడుగాలి అని అర్థం. చిత్తడినేలల మీదుగా వచ్చే గాలి జ్వరాన్ని తెస్తుందని శతాబ్దాల తరబడి లోకం నమ్మింది. సికిందరాబాదు దగ్గరి బేగంపేటలో సైనిక వైద్యుడుగా పనిచేస్తున్న రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ దోమలను ఆయన గాలిలోంచి పట్టి తెచ్చుకోలేదు. పిల్ల పురుగుల దశ నుంచి తానే పెంచాడు. అవి అంతకు ముందు ఎవరి రక్తమూ తాగలేదని నిశ్చయంగా తెలిసి ఉండాలని ఆయన పట్టుదల. ఆ తరువాతనే హుసేన్ ఖాన్ అనే రోగి చేత, కుట్టిన దోమకొక అణా చొప్పున ఇచ్చి, కుట్టించుకొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. దోమలకు తన ఒళ్ళు అప్పగించిన హుసేన్ ఖాన్‌కు దక్కినవి ఆ కొద్ది అణాలే.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. చెడుగాలి సిద్ధాంతం తప్పు. కాని దానిని నమ్మి చిత్తడినేలలను ఎండగట్టిన చోట్ల జ్వరాలు తగ్గాయి. దోమలు పెరిగే నీరు పోయింది కనుక తగ్గాయి. తప్పుడు కారణాన్ని నమ్మినవాడి మందు కూడా ఒక్కొక్కప్పుడు పని చేస్తుంది. తప్పుడు కారణాలు దీర్ఘాయుష్షుతో బ్రతకడానికి ఇదే హేతువు. రుద్రంగి వంటి ఊళ్ళలో పెద్ద మోటారు సంగతి సరిగా ఇటువంటిదే.

మోటారు ఎందుకు కాలుతుంది? బరువు మోస్తున్న మోటారుకు వోల్టేజి తగ్గినప్పుడు, అదే పని చేయడానికి అది మరింత కరెంటును లాగుకొంటుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. ఆ వేడికి రాగితీగ మీది పలుచని ఎనామెల్ పూత మాడి, చుట్టుకు చుట్టు తగిలి వైండింగ్ కాలుతుంది. మూడు ఫేజులలో ఒకటి పోయినప్పుడు కూడా ఇదే గతి. మరి వోల్టేజి ఎందుకు తగ్గింది? ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద పదిహేను, ఇరవై మోటార్లు దాని శక్తికి మించి కరెంటును లాగుతున్నాయి కనుక తగ్గింది. అవి అంత కరెంటును ఎందుకు లాగుతున్నాయి? వోల్టేజి తక్కువై నీరు సన్నగిల్లినప్పుడు ఒక రైతు లావుతీగతో చుట్టించి బరువైన మోటారును దింపాడు. ఆ కారు అతనికి నీళ్ళు బాగానే పారాయి. అతని మందు పని చేసింది. కాని అతని మోటారు అదనంగా లాగిన కరెంటు వలన తక్కినవారి వోల్టేజి మరికొంత పడిపోయింది. వారూ అదే మందు తెచ్చుకొన్నారు. కొన్నేళ్ళకు అందరి దగ్గరా పెద్ద మోటార్లే ఉన్నాయి, వోల్టేజి మాత్రం మునుపటికంటె తక్కువ. ఇందులో ఏ రైతునూ అవివేకి అనడానికి వీలు లేదు. తన ఒక్క బావినే చూసుకొంటే ప్రతివాడూ సరైన పనే చేశాడు.

దక్షత అనే శాస్త్ర పదాన్ని ఇక్కడే జాగ్రత్తగా వాడవలసి ఉన్నది. పెట్టిన శక్తిలో ఎంత భాగం ప్రయోజనకరమైన పనిగా తేలిందో ఆ నిష్పత్తి దక్షత. ఒక మోటారు దక్షత నూటికి 80, పంపు దక్షత 50, గొట్టాలు, ఫుట్‌వాల్వు రాపిడి పోగా మిగిలేది 80 అనుకొంటే, మొత్తం మీద నీటిని ఎత్తడానికి అక్కరకు వచ్చేది నూటికి 32 పాళ్ళు మాత్రమే. మోటారు ఒక్కదానినే మంచిది కొని, ఇరుకు గొట్టాన్ని అట్లాగే ఉంచితే ఫలం స్వల్పం. ఈ లెక్క కూడా బావి గట్టు దగ్గరే ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు నుంచి బావిదాకా తీగలలో పోయే శక్తి ఇందులో చేరలేదు. పొలం గట్టున మొదలుపెట్టిన లెక్కకూ, ట్రాన్స్‌ఫార్మరు గద్దె దగ్గర మొదలుపెట్టిన లెక్కకూ జవాబులు వేరు.

ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ నియంత్రణ మండలి వ్యవసాయ కనెక్షన్లకు నాలుగు నియమాలు పెట్టింది. రాపిడి తక్కువైన ఫుట్‌వాల్వు, తగిన కెపాసిటర్, నునుపైన ప్లాస్టిక్ గొట్టం, ఐఎస్‌ఐ గుర్తు గల పంపుసెట్టు. వీటిలో మొదటిది, మూడవది, నాలుగవది పెట్టుకొన్న రైతుకు నేరుగా నీళ్ళ రూపంలో లాభం కనిపిస్తుంది. రెండవదాని స్వభావమే వేరు. మోటారులో అయస్కాంత క్షేత్రాన్ని నిలపడానికి కొంత కరెంటు ఊరికే తీగల వెంట వచ్చిపోతూ ఉంటుంది. దానివలన పని జరగదు, తీగ మాత్రం వేడెక్కుతుంది. మోటారు పక్కనే కెపాసిటర్ ఉంటే ఆ కరెంటును అదే సమకూరుస్తుంది, ట్రాన్స్‌ఫార్మరు దాకా పోయి తేనక్కరలేదు. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ చాలునని నియమం. తీగలో కరెంటు ఐదవ వంతు తగ్గినా చాలు, అందులో వృథా అయ్యే శక్తి మూడవ వంతుకు పైగా తగ్గుతుంది.

ఇంత మేలైనది బావుల దగ్గర ఎందుకు కనిపించదు? రైతులకు తెలియక అని చెప్పడం పరిపాటి. ఆ సమాధానం న్యాయమైనది కాదు. కెపాసిటర్ తగ్గించేది తీగలోని కరెంటును. దాని మూలంగా పెరిగిన వోల్టేజి పెట్టినవాడికే కాక, ఆ ట్రాన్స్‌ఫార్మరు మీది ఇరవై మందికీ కొంచెం కొంచెంగా పంపకమవుతుంది. ఒక్కడే పెడితే ఖర్చు మొత్తం అతనిది, ఫలంలో ఇరవయ్యవ వంతు అతనిది. స్టార్టర్ డబ్బా మీది మీటరు ముల్లు కదిలినట్టు కూడా కనిపించదు. పైగా వోల్టేజి లోపం అట్లాగే ఉన్నది కనుక కొన్నాళ్ళకు అతని మోటారూ కాలుతుంది. కొత్తగా వచ్చింది కెపాసిటరే కనుక దాని వల్లనే కాలిందని ఊరు తీర్పు చెబుతుంది. మెకానిక్కు దాని తీగలు కత్తిరిస్తాడు. కాకి వాలింది, తాటిపండు రాలింది. ఇరవై మందీ ఒకేసారి పెడితే ఏమవుతుందో చూసిన ఊరు అరుదు కనుక, ఈ తీర్పును వ్యతిరేకంతో పరీక్షించే అవకాశం ఎవరికీ రాలేదు.

వ్యవసాయ విద్యుత్తును గురించి వాదించే రెండు పక్షాలవారూ ఈ సూక్ష్మాన్ని విస్మరించారనడం సాహసం కాదు. 2004 మే నెలలో ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత విద్యుత్తు ప్రారంభమైనప్పటి నుంచి, ఉచితం కనుకనే రైతుకు పొదుపు పట్టదని ఒక పక్షం అంటున్నది. కరెంటు ఉచితమైనంత మాత్రాన మోటారు ఉచితం కాదు. వైండింగ్ కూలీ, బోరు లోంచి తీసి దింపే కూలీ, ఎండిన మడి రైతు మీదనే పడుతున్నాయి. నష్టం అతనిదైనప్పుడు దానిని తప్పించుకోవాలన్న కోరిక అతనికి లేదనడం ఎట్లా? పైగా అంతకు ముందు హార్స్‌పవర్ లెక్కన రుసుము కట్టిన కాలంలో కూడా మోటార్లు కాలాయి. ఆ కాలంలో 5 హెచ్‌పీ మోటారుకు 3 హెచ్‌పీ రేకు అతికించుకోవడం అనే విద్య కూడా పుట్టింది. అందువలన ట్రాన్స్‌ఫార్మరు మీద ఉన్న అసలు బరువెంతో కాగితాలకు తెలియకుండా పోయింది. ఎక్కువ గంటలు కరెంటిస్తే అన్నీ చక్కబడతాయన్నది రెండవ పక్షం. అది కొంతవరకు నిజం.

ఎంతవరకు నిజమో ఆటోమేటిక్ స్టార్టర్ చెబుతుంది. కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియని రోజులలో రైతు చీకట్లో గట్ల వెంబడి నడిచిపోయి మోటారు వేసేవాడు. పాము కాటుకో, తేమ నేలలో కరెంటు తాకిడికో బలైనవారి వార్తలు ప్రతి వేసవిలో పత్రికలకెక్కేవి. తండ్రి ఇంటికి రాలేదని తెల్లవారుజామున బావి దగ్గరికి పరుగెత్తిన పిల్లలు ఈ ప్రాంతంలో ఎందరో. కరెంటు రాగానే తనంతట తానే మోటారును నడిపే ఆటోమేటిక్ స్టార్టర్ అందుకే ఇంటింటికీ వచ్చింది. అది ప్రాణాలు కాపాడిందనడంలో సందేహం లేదు. కాని మోటారు కదిలే క్షణంలో మామూలుకంటె ఎన్నో రెట్లు కరెంటును లాగుతుంది. ఇరవై ఆటో స్టార్టర్లు ఒకే క్షణంలో మేల్కొంటే ట్రాన్స్‌ఫార్మరు గతి ఏమిటి? 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, వీటిని తొలగించవలసిందిగా ప్రభుత్వమే రైతులను కోరింది. నీరున్నా లేకున్నా బోర్లు రాత్రింబగళ్ళు నడవడం మరొక కారణం. అయినా చాలామంది వెంటనే తీయలేదు. చీకట్లో నడిచిన కాళ్ళు ఆ భయాన్ని అంత తొందరగా మరువవు. వారిని మూర్ఖులనే ముందు, ఆ పరికరం ఏ కారణానికి పుట్టిందో గుర్తు చేసుకోవడం న్యాయం.

దక్షత పెరగడమే పరమార్థం అనుకోవడం కూడా పొరపాటే. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆంగ్ల ఆర్థికవేత్త బొగ్గును గురించి ఒక గ్రంథం రాసి, ఆవిరి యంత్రాల దక్షత పెరిగిన కొద్దీ బొగ్గు వాడకం తగ్గలేదని, పైగా పెరిగిందని చూపించాడు. తక్కువ బొగ్గుతో పని జరుగుతుందని తెలియగానే యంత్రాలు వాడేవారు ఎక్కువయ్యారు. మెట్ట తెలంగాణలోని రాతినేలలో నీరుండేది పైనున్న శిథిల పొరలోను, కింది బండ పగుళ్ళలోను మాత్రమే. ఒక బోరు బాగా లాగితే పక్క బోరు ఎండుతుంది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం బావులను నమోదు చేయాలన్నది ఇందుకే. ఎండిన బోర్ల అప్పు తీర్చడానికి కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయినవారున్నారు. అక్కడి సంపాదనతో మరింత లోతైన బోరు వేసినవారూ ఉన్నారు. దీనిలో ఏది కారణం, ఏది కార్యం?

ఇంత చర్చ తరువాత మిగిలే ప్రశ్న ఒకటే. గడ్డిమోపును జరపవలసినది ఎవరు? ఒక్కొక్క రైతు చేతిలో లేని కారణం, ఇరవై మంది చేతులలో కలిసి ఉన్నది. ఈ ప్రాంతానికి అటువంటి కలయిక కొత్త కాదు. దేశంలో గ్రామీణ విద్యుత్తును సహకార పద్ధతిలో నడపడానికి మొదట ఎంచుకొన్న ఐదు చోట్లలో సిరిసిల్ల ఒకటి. 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సరఫరా సంఘంలో వినియోగదారులే సభ్యులు, పాలకవర్గాన్ని ఎన్నుకొనేదీ వారే. రుద్రంగి బావులకు కరెంటు వచ్చేది ఆ సంఘం తీగల మీదనే. పెద్ద ట్రాన్స్‌ఫార్మరుకు బదులు రెండు మూడు మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టే పద్ధతి కూడా ఉమ్మడి రాష్ట్రంలో 2000 తరువాత వ్యాపించింది. అది మంచి ఉపాయమే, కాని ఖర్చుతో కూడుకొన్నది. ఇరవై కెపాసిటర్ల వెల దానితో పోల్చదగినది కాదు. ఒక్కొక్క రైతుకు పడేది, ఒకసారి వైండింగ్ చుట్టించే కూలీలో కొద్ది భాగం.

ఇరవై మందిని ఒక చోట చేర్చడం కష్టమని అనేవారు ట్రాన్స్‌ఫార్మరు కాలిన నాడు పల్లెకు పోయి చూడాలి. ఎవరూ పిలవకుండానే అందరూ వస్తారు. ఒకరు ట్రాక్టరు తెస్తారు, పదిమంది గద్దె మీది నుంచి దించి ఎక్కిస్తారు, ఒకరు చదువుకొన్న పిల్లవాడి నోటుపుస్తకంలోంచి కాగితం చింపి ఖర్చుల లెక్క రాస్తారు. హెచ్‌పీకి ఇంత అని చందా. మోటారు రేకు మీద ఉన్న అంకెను అక్కడ ఎవరూ ఒప్పుకోరు. ఎవరి బావిలో అసలు ఎంత మోటారున్నదో ఇరుగుపొరుగుకు తెలుసు కనుక, ఏ కార్యాలయంలోనూ దొరకని నిజమైన హెచ్‌పీలు ఆ చీటీలో పేర్ల పక్కన పడతాయి. ఏ బావికి ఎంత కెపాసిటర్ కావాలో నిర్ణయించడానికి అంతకుమించిన వివరం ఇంజనీరుకు కూడా అవసరం లేదు. ట్రాన్స్‌ఫార్మరు బాగై తిరిగి వచ్చిన సాయంత్రం మోటార్లు నడుస్తాయి, మడులు తడుస్తాయి. చందా లెక్క సరిపోయిన తరువాత ఆ చీటీని ఎవరో జేబులో వేసుకొని ఇంటికి పోతారు.